జాతర పాటలో చావు దరువు

కంప్యూటర్ మీద వాద్యాల శబ్దాలతో పని నేర్చుకుందామని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒక్కటే: "మేడమ్, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" ఆ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎలా వినాలి, ఎవరి దగ్గర కూర్చుని వినాలి అని ఒక్కరూ అడగరు. అందుకే ఇది రాస్తున్నాను. నా జీతం ఎంత పెరిగింది, ఎవరు నాకు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. నారాయణఖేడ్‌లో మొదలైన నా పనిలో నాకు కోపం ఎక్కడ పట్టుకుందో, ఇన్నేళ్లయినా ఎందుకు వదల్లేదో ఉంటుంది. కాస్త మెత్తగా రాయమని ఇంట్లో వాళ్లు అన్నారు. నాకు చేతకాదు.

పని ఏమిటంటే

డప్పు మీద ఒక దెబ్బ కొడితే దాన్ని రికార్డు చేసి కీబోర్డులో ఒక మెట్టుకు తగిలిస్తారు. ఆ మెట్టు నొక్కితే ఆ దెబ్బ మోగుతుంది. దాన్నే శాంపిల్ అంటారు. ఒక్క దెబ్బే కాదు, పూర్తి దరువును కూడా తగిలించవచ్చు. మెట్టు నొక్కి పట్టుకున్నంతసేపు అది తిరుగుతూనే ఉంటుంది. ఆ ఫైలులో శబ్దంతో పాటు కొన్ని గుర్తులు ఉంటాయి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడిదాకా పోయి వెనక్కి రావాలి, అసలు శ్రుతి ఏది, మెల్లగా నొక్కితే ఎలా మోగాలి.

ఒక్కో కంపెనీ ఈ గుర్తులను ఒక్కో పద్ధతిలో రాసుకునేది. ఒకరి మిషన్‌లోని ఫైలును ఇంకొకరి మిషన్ చదవదు. కావాలనే అలా చేశారని నా నమ్మకం. ఒకసారి వాళ్ల మిషన్ కొన్నవాడు చచ్చినట్టు మళ్లీ వాళ్ల గడపే తొక్కాలి కదా! ఆ ఫైళ్లను ఒక పద్ధతిలో నుంచి ఇంకో పద్ధతిలోకి మార్చే ప్రోగ్రాములు ఉండేవి. ఆ మార్పిడే నా ఉద్యోగం.

మార్చే ప్రోగ్రాము శబ్దాన్ని బాగానే మోసుకొచ్చేది. గుర్తుల్లో సగాన్ని దారిలో పారేసేది. ఇల్లు మారేటప్పుడు గిన్నెలన్నీ చేరి మూతలు చేరనట్టు ఉండేది వ్యవహారం. ఒకసారి సన్నాయి ఫైలు మారిస్తే, ఎక్కడికి తిరిగి రావాలన్న గుర్తు పోయింది. మెట్టు నొక్కి పట్టుకుంటే సన్నాయి పలకడం మానేసి మా నాయన కుట్టు మిషన్‌లా టకటకా కొట్టుకుంది. ఇంకోసారి డోలు శ్రుతి గుర్తు పోయి, అంత పెద్ద డోలు ఖాళీ అగ్గిపెట్టెలా మోగింది. తెర మీద మాత్రం రెండుసార్లూ ఒకే మాట వచ్చింది, 'ఓకే' అని.

విఠల్ సేటు

మా నాయన నారాయణఖేడ్ బజారులో బట్టలు కుట్టేవాడు. నేను టైపు నేర్చుకున్నాను, తర్వాత కంప్యూటర్ నేర్చుకున్నాను. తొంభైల చివర్లో బస్ డిపో దారిలో విఠల్ సేటు క్యాసెట్ల దుకాణం మీద రికార్డింగు గది పెట్టాడు. గోడలకు గోనె సంచులు, కిటికీకి బొంత, పట్నంలో ఎవరో వాడి వదిలేసిన కీబోర్డు, ఒక కొత్త కంప్యూటర్. దాని ముందు కూర్చునే మనిషిని నేను.

సేటు చెడ్డవాడని రాస్తే పని సులువుగా తేలిపోతుంది, కానీ అది నిజం కాదు. పండుగొస్తే చీర పెట్టేవాడు. మా నాయన పడకేసినప్పుడు సొంత జీపులో దవాఖానకు తీసుకుపోయాడు. కానీ పని దగ్గర ఆయనకు చెవులు లేవు. తెర మీద 'ఓకే' అని రావడమే పని అయినట్టు ఆయనకు. సన్నాయి కుట్టు మిషన్‌లా మోగుతోందని చెబితే, "ఓకే అన్నది గదా అనసూయా, నీకే పరేషాన్ ఎక్కువ" అన్నాడు. ఇలాంటి యజమానులు ఆ తర్వాత పట్నంలోనూ దొరికారు. అక్కడ వాళ్ల కుర్చీలు కొంచెం మెత్తగా ఉండేవి, అంతే తేడా.

ఆ ఏడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. బోరంచ జాతరకు, చుట్టుపక్కల జాతరలకు పోయే జనానికి పోచమ్మ పాటల క్యాసెట్ అమ్మాలి. దాంతో పాటు మన ప్రాంతపు డప్పు దరువులన్నీ శాంపిళ్లుగా చేసి పట్నం స్టూడియోలకు ఇవ్వాలి. అందుకోసం కల్హేర్ వైపు ఒక ఊరి నుంచి సాయిలును పిలిపించాడు. ఆ ఊరి పేరు రాయను. ఆ ఊరి పిల్లలు ఇప్పుడు నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వస్తున్నారు.

సాయిలు

సాయిలు నాకంటే పెద్దవాడు. గట్టి మనిషి, నవ్వు తక్కువ. వాళ్ల ఊళ్లో పోచమ్మ బోనాలు కదలాలంటే ముందు వాళ్ల ఇంటి డప్పు మోగాలి. తండ్రి కొట్టాడు, తాత కొట్టాడు. ఊళ్లో మిగతా రోజుల్లో ఆయనను అరుగు కింద నిలబెట్టి మాట్లాడేవాళ్లు కూడా, ఆ ఒక్కరోజు ఆయన వెనక నడిచేవాళ్లు. ఆ ముందు నడిచే హక్కు ఆయనకు ఎంతటిదో నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

దుకాణం మెట్ల కింద కాగితాలు మంట పెట్టి డప్పు కాచుకున్నాడు. పొగ దుకాణంలోకి వస్తోందని సేటు గోల చేశాడు. సాయిలు వినిపించుకోలేదు, చర్మం బిగిసేదాకా కాచుకునే పైకి వచ్చాడు. మొదట జాతర దరువు కొట్టాడు, తర్వాత పెళ్లిది కొట్టాడు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

"ఇగ సావుది సుత కొట్టు సాయిలూ. సెట్టు పూరా గావాలె" అన్నాడు సేటు.

సాయిలు పుల్లలు కింద పెట్టాడు. "గది ఊకనే కొట్టేది గాదు సేటూ. పీనుగ లేస్తుంటెనే కొడ్తం. ఇంట్ల గూసొని కొడ్తరా గది?"

"పీనుగును నేను ఏడికెల్లి తేవాలె? పట్నపోల్లు అడుగుతున్రు, కొట్టు."

సాయిలు నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు జెప్పు. గిది ఏడ వెడ్తరు?"

"సినిమాలల్ల, నాటకాలల్ల సావు ఉంటది గదన్నా. గాడ వెడ్తరు" అన్నాను.

సాయిలు డప్పు మళ్లీ చేతికి తీసుకుని, మైకు వైపే చూస్తూ అన్నాడు: "ఇగో, గిది సావు దరువు. దీన్ని జాతరల గలుపొద్దు, లగ్గంల గలుపొద్దు. రేపు నన్ను అనొద్దు." ఆ తర్వాత కొట్టాడు. సేటు ఫోను వచ్చిందని కిందికి పోయాడు, ఆ దరువు సగం కూడా వినలేదు.

పేర్లు మార్చిన తీరు

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, అసలు సంగతి ఇందులోనే ఉంది. నేను ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు ఏ సందర్భానిదో ఆ మాట ముందు పెట్టాను: జాతర డప్పు, పెళ్లి డప్పు, చావు డప్పు. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను కానీ, మొదటి మాట చూస్తే చాలు, ఏది ఏదో తెలిసిపోతుంది. సేటుకు అది నచ్చలేదు. "కొనేటోనికి అన్నీ ఒక్క తీరుగ, వరుసగ కనవడాలె" అని ఆయనే కూర్చుని అన్నిటికీ 'డప్పు దరువు' అని ముందు తగిలించాడు. డప్పు దరువు జాతర, డప్పు దరువు పెళ్లి, డప్పు దరువు చావు.

కంప్యూటర్ కొత్తది, పొడుగు పేర్లు చదివేది. మార్చే ప్రోగ్రాము పాతది, నల్ల తెర మీద నడిచేది. దానికి పేరులో మొదటి ఆరు అక్షరాలే కనిపించేవి, ఆ తర్వాత ఒక వంకర గీత, ఒక అంకె. అంటే మూడు దరువులూ దానికి ఒకే పేరు. ఒకటి, రెండు, మూడు అన్న అంకెలే తేడా. ఒకటోది జాతర అని సేటు గుర్తుపెట్టుకున్నాడు. "ఈ పేర్లతోని మార్చొద్దు సేటూ, నేను వచ్చినంక జూస్త" అని చెప్పి, మా చెల్లెలి కాన్పుకు జహీరాబాద్ పోయాను.

నేను లేనప్పుడు ఆయన కంప్యూటర్‌కు కొత్త డిస్కు వేయించి, ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేశాడు. కాపీ చేస్తే ఆ అంకెలు కొత్తగా పడతాయి, ఏది ముందు వస్తే దానికి ఒకటి. ఇంగ్లీషు అక్షరాల వరుసలో చావు ముందు, జాతర తర్వాత. అలా చావు ఒకటో నంబరయింది. సేటు జాతరదే అనుకుని ఒకటో నంబరు ఫైలును మార్చాడు. ఓకే అని వచ్చింది. పాటకు కీబోర్డు వాయించడానికి పట్నం నుంచి వచ్చినాయన ఆ దరువు విని "మస్తుంది సేట్" అన్నాడట. ఆయనకు డప్పు అంటే డప్పు, అంతే. తప్పు పట్టను, ఆయన మన ఊరివాడు కాదు. సేటు మన ఊరివాడే. ఈ వీధుల్లోంచి ఎన్ని చావులు పోయాయి, ఎన్ని పెళ్లిళ్లు పోయాయి! ఆయన చెవికి ఒక్కటీ ఎక్కలేదు.

ఆటో

జహీరాబాద్ నుంచి వచ్చేసరికి క్యాసెట్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి. మైకు కట్టిన ఆటో సిద్ధంగా ఉంది. జాతర దగ్గరికొచ్చింది, ముందుగా సాయిలు వాళ్ల ఊరికే పోయి అమ్మమని నన్ను ఎక్కించాడు సేటు. ఒక్కసారి విని పోతానంటే, "అచ్చినంక ఇందువు, జల్దీ పో" అన్నాడు.

ఊళ్లోకి పోతూనే ఆటో నడిపే అతను క్యాసెట్ వేశాడు. పోచమ్మ తల్లిని పిలుస్తూ ఆడమనిషి గొంతు, వెనక చావు దరువు. బంద్ చేయమని అరిచాను. మైకు హోరులో అతనికి వినిపించలేదు. బోరింగ్ దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లు చేతులాపి నిలబడిపోయారు. ఒక ముసలమ్మ ఆటోకు అడ్డం వచ్చి నన్ను అడిగింది: "ఎవలు సచ్చిన్రు బిడ్డా?"

సాయిలు ఎక్కడున్నాడో గాని ఉరికొచ్చాడు. ఆటోలో చెయ్యి పెట్టి క్యాసెట్ ఊడబీకాడు. అప్పటికే జనం పోగయ్యారు. జాతర జరిపించే మొగులప్ప పటేల్ బయటికి వచ్చాడు.

"నీ డప్పేనారా గిది?"

"నాదే పటేలా. గని నేను జాతరకు కొట్టలే. సావుది అని జెప్పే కొట్టిన. గలుపొద్దని సుత జెప్పిన."

"డప్పు నీది. పాట తల్లిది. నడుమ దయ్యం గలిపిందా?"

"గలిపింది నేను గాదు పటేలా. అమ్మోరి మీద ఒట్టు."

"తల్లి పేరు ఎత్తకు. తాగి ఏది కొడ్తున్నవో ఎరుక లేదు నీకు."

సాయిలు తాగి లేడు. అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేను ఆటో దిగి చెప్పాను: తప్పు సాయిలుది కాదు, ఫైలు మార్చేటప్పుడు నంబర్లు తారుమారయ్యాయి, మిషన్ ఒకదాని బదులు ఇంకొకటి తీసింది. పటేల్ నవ్వాడు. "మిషిన్‌కేం ఎరుక పిల్లా తప్పు జేసుడు? తప్పు మనిషే జేస్తడు." ఆ మనిషి ఎవరో ఆయన అప్పుడే తేల్చుకున్నాడు. సాయిలు ఇక ఎన్నడూ పోచమ్మ ముందు డప్పు ముట్టొద్దన్నాడు. సాయిలు క్యాసెట్ నా చేతిలో పెట్టి పోయాడు. నన్ను తిట్టినా బాగుండేది.

"ఓకే అంటే ఓకే"

అదే ఆటోలో వెనక్కి వచ్చి సేటును నిలదీశాను. ఊరికి వచ్చి, నేనే మార్చాను, సాయిలుకు సంబంధం లేదు అని ఒక్క మాట చెప్పమన్నాను.

"మిషిన్ ఓకే అన్నది. ఓకే అంటే ఓకే. నాదేం తప్పు?" అన్నాడు.

"మార్చొద్దని జెప్పి వోయిన గదా!"

"గిప్పుడు వాని కోసం నేను పటేల్ ముంగట చేతులు గట్టుకొని నిలవడాలెనా? నా దుకాణం గతి ఏంది?"

"నీ దుకాణం వోతే ఇంకోటి వెట్టుకుంటవ్. ఆయన ఇంకో పోచమ్మను ఏడికెల్లి తెచ్చుకుంటడు?"

సేటు చేతులు దులుపుకున్నట్టు గల్లా దగ్గరికి పోయి కూర్చున్నాడు. మిగిలిన క్యాసెట్లు బీదర్ వైపు పంపిస్తే అక్కడివాళ్లకు తెలియదని కూడా అన్నాడు. ఆ మాటకే ఆ ఉద్యోగం మానేశాను. ఆ తర్వాత పట్నంలో చాలా ఏళ్లు ఇదే పని చేశాను, ఎన్నో మిషన్లు మారాయి. 'ఓకే అంటే ఓకే' అన్న సేటు మాట మాత్రం ప్రతిచోటా విన్నాను.

కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లకు కుండబద్దలు కొట్టినట్టు చెప్తున్నాను. ఓకే అంటే ప్రోగ్రాము ఆగిపోయిందని అర్థం. పని సరిగ్గా జరిగిందని కాదు. మార్చిన ప్రతి ఫైలునూ మొదటి నుంచి చివరిదాకా వినండి. బద్ధకమైతే ఈ పనిలోకి రాకండి, వేరే పనులు బోలెడున్నాయి. మీకు తెలియని వాద్యమైతే అది తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వినండి. వాళ్లు కాదంటే కాదు. అందంగా వరుసగా కనబడాలని పేర్లు మార్చే యజమాని ఉంటే పోట్లాడండి. ఉద్యోగం పోతుందంటారా? పోనివ్వండి. శబ్దం చేసినవాడి పేరు మీ ఫైలులో ఎక్కడా ఉండదు, కానీ తప్పు జరిగిన రోజు ఊళ్లో అందరి వేళ్లూ అతని వైపే తిరుగుతాయి.

టేపు

ఏ శాంపిల్‌కైనా ముందు తల కోస్తాం. అంటే దెబ్బకు ముందున్న దగ్గు, కుర్చీ చప్పుడు, మాటలు తీసేసి, సరిగ్గా దెబ్బ దగ్గర మొదలయ్యేట్టు చేస్తాం. సాయిలు దరువుకు ముందు అన్న మాటలు కూడా అలాగే తీసేశాం. కానీ కంప్యూటర్‌లోకి ఎక్కించకముందు మొదట రికార్డు చేసిన టేపు సేటు గదిలోనే ఉంది. అందులో ఏదీ కోయలేదు. ఆ రోజు గది వదిలే ముందు, సేటును అడగకుండానే దాన్ని ఒక మామూలు క్యాసెట్‌లోకి ఎక్కించి, మా ఇంట్లో టేపు రికార్డరు సంచిలో పెట్టుకుని, రెండు రోజులకు మళ్లీ ఆ ఊరికి పోయాను. మరునాడే జాతర. ఊళ్లో గోడలకు సున్నాలు వేస్తున్నారు.

పటేల్ ఇంటి ముందు నలుగురైదుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. టేపు రికార్డరు అరుగు మీద పెట్టి మీట నొక్కాను. ముందు సేటు గొంతు, పీనుగును ఏడికెల్లి తేవాలె అని. తర్వాత నా గొంతు. ఆ తర్వాత సాయిలు గొంతు, తేటగా: "ఇగో, గిది సావు దరువు. దీన్ని జాతరల గలుపొద్దు, లగ్గంల గలుపొద్దు. రేపు నన్ను అనొద్దు."

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పటేల్ ఇంకోసారి వేయమన్నాడు. వేశాను. "గిది ముందుగాల్నే తెస్తే అయిపోవు గద పిల్లా" అన్నాడు నాతో, తప్పు నాదైనట్టు. మనిషిని పంపి సాయిలును పిలిపించాడు. నాకు ఎంత సంతోషమైందో! గెలిచాననుకున్నాను.

సాయిలు వచ్చి అరుగుకు దూరంగా నిలబడ్డాడు.

"రా సాయిలూ. నీ తప్పు లేదని టేపుల తేలింది. రేపు డప్పు వట్టుకొని రా" అన్నాడు పటేల్.

"ఏమున్నది పటేలా టేపుల?"

"నువ్వన్నదే. సావుది అని, జాతరల గలుపొద్దని."

"గదే మాట మొన్న నీ ముంగట నిలవడి జెప్పిన. గీ నోటితోనే జెప్పిన. అమ్మోరి మీద ఒట్టేసిన. గప్పుడు తాగినవన్నవ్."

పటేల్ ఏదో అనబోయాడు. సాయిలు ఆగలేదు. గొంతు పెంచలేదు కూడా.

"నేను జెప్తే ఇనలే. డబ్బ జెప్తే ఇన్నవ్. ఇగ రేపు డప్పు సుత డబ్బనే కొట్టమను."

నా ముఖం కూడా చూడకుండా వెళ్లిపోయాడు. మరునాడు ఆ ఊరి బోనాలు దరువు లేకుండానే కదిలాయి.